మొదటి ఫ్లై రాడ్ కొంటున్నాను, 5 నంబరా 8 నంబరా?

గునుపురం_గాలం

అందరికీ నమస్కారం. మాది గునుపురం. చిన్నప్పటి నుంచి వంశధారలో వెదురు కర్ర, బెండు, వానపాములతో గాలం వేసినవాణ్ణి, మూడేళ్లుగా స్పిన్నింగ్ రాడ్ కూడా వాడుతున్నాను. మొన్న పండక్కి బెంగళూరు నుంచి మా బావ ఫ్లై రాడ్ తెచ్చి చెరువు గట్టు మీద విసిరి చూపించాడు. ఆ లైను వెనక్కి సాగి, మళ్లీ ముందుకు వచ్చి, చప్పుడు లేకుండా నీటి మీద వాలుతుంటే అలాగే చూస్తూ ఉండిపోయాను. అప్పటి నుంచి ఇదే ధ్యాస.

బడ్జెట్ పదివేలు, అన్నీ అందులోనే రావాలి. ముఖ్యంగా కొర్రమీను పట్టాలి, అప్పుడప్పుడు తిలాపియా. ఒక్క రాడ్‌తో రెండూ అవుతాయా? గ్రాఫైటా, ఫైబర్‌గ్లాసా? అసలు ఈ నంబరు అంటే ఏమిటో కూడా ఎవరైనా విడమరిచి చెప్పండి.

మహేంద్రతనయ_ఒడ్డున

తమ్ముడూ, మాది పర్లాకిమిడి. నంబరు సంగతి ముందు అర్థమైతే మిగతాది తేలిక. స్పిన్నింగ్‌లో ఎర బరువుగా ఉంటుంది, అదే దారాన్ని లాక్కుపోతుంది. ఇక్కడ ఎర అంటే ఈకలు, వెంట్రుకలు కొక్కేనికి చుట్టి కట్టింది, దానికి బరువే లేదు, అందుకని బరువంతా లైనులోనే పెడతారు. రాడ్ మీద ఉన్న నంబరు ఆ లైను బరువుదే. 5 నంబరు లైనులో మొదటి 30 అడుగులు తూస్తే సుమారు 9 గ్రాములు, 6 అయితే 10 గ్రాముల పైచిలుకు, 8 అయితే 13 గ్రాములు దాటుతుంది. రాడ్ ఎంత ఖరీదైనదైనా దాని నంబరు కంటే తేలిక లైను వేస్తే సరిగ్గా వంగదు, వంగకపోతే విసరదు.

కొర్రమీనుకైతే 8 తీసుకో. అది ఉండేది తామరాకుల్లో, తూటికాడల్లో. దానికి వేసే, కప్పలా కట్టిన ఎర లావుగా ఉండి గాలికి అడ్డుపడుతుంది, 5 నంబరు లైను దాన్ని మోయలేదు. పైగా చేప పడగానే కలుపులోకి దూరకుండా ఆపే బలం కావాలి. 9 అడుగులది, నాలుగు ముక్కలది తీసుకుంటే బస్సులో, రైల్లో ఇబ్బంది ఉండదు. గాలం దగ్గర చివరి దారం బలం 20 పౌండ్లకు తక్కువ వద్దు, దాని పళ్లు నీకు తెలుసుగా.

డబ్బు లైను మీద పెట్టు. ఈ చేపలకు రీలు దారం దాచుకునే డబ్బా మాత్రమే, చవకది చాలు. నేను మొదట దీనికి సరిగ్గా తిరగేసి చేశాను, మంచి రీలు కొని నాసిరకం లైను ఎక్కించాను, ఒక సీజనంతా చెయ్యి నొప్పి తప్ప ఏమీ మిగల్లేదు.

కొలాబ్_జయపురం

పైన అన్న చెప్పిన లెక్క నిజమే, కానీ మొదటి రాడ్‌గా 8 ఇవ్వడం నాకు నచ్చదు. కొత్తవాడికి రెండు గంటలు విసిరితే మణికట్టు పోతుంది, చెయ్యెడు తిలాపియా పడితే దాని గుంజుడు చేతికి తెలియనే తెలియదు. 6 నంబరు తీసుకో బాబూ, చిన్న కప్ప ఎరలు వేయొచ్చు, తిలాపియా సరదా కూడా ఉంటుంది. నేర్చుకోవడానికి ఫైబర్‌గ్లాస్ మంచిది, నెమ్మదిగా, లోతుగా వంగుతుంది కాబట్టి లైను వెనక్కి పూర్తిగా చాచుకుందా లేదా అన్నది చేతికే తెలుస్తుంది. గ్రాఫైట్ తేలిక, చురుకు, కానీ నీ తొందరను క్షమించదు.

ఇంకొకటి. చేప కొట్టగానే వెదురు కర్ర లేపినట్టు రాడ్ పైకి లేపకు, మన అలవాటు అదే. ఎడమ చేత్తో లైను గట్టిగా లాగు, గాలం దిగుతుంది. ఒడ్డుకు చేర్చేటప్పుడు కూడా రాడ్‌ను నిట్టనిలువుగా ఎత్తితే బరువంతా సన్నటి కొసమీద పడి పుటుక్కుమంటుంది. నా చూపులో విరిగిన రాడ్లు చాలావరకు అలాగే విరిగాయి, మిగతావి కారు తలుపుల్లో.

గునుపురం_గాలం

ఇద్దరికీ చాలా థాంక్స్ అన్నా. లైను బరువు సంగతి ఇన్నాళ్లకు అర్థమైంది. 6 వైపే మొగ్గుతున్నాను. మా ఇంటి వెనక పొలంలో ప్రాక్టీస్ చేయొచ్చా? పక్కనే కరెంటు లైను వెళ్తుంది.

రాయగడ_అక్క

వద్దు నాన్నా, అక్కడ అస్సలు వద్దు. గ్రాఫైట్‌లో కరెంటు పారుతుంది. తొమ్మిది అడుగుల కర్ర, దానిమీద తడిసిన లైను, పైన తీగలు, ఇది ఆటలాడే విషయం కాదు. ఉరుములు వినపడితే కూడా రాడ్ కింద పెట్టేసి ఒడ్డు దిగి వచ్చేయాలి. గడ్డి ఉన్న కాలేజీ గ్రౌండ్ చూసుకో, మట్టిలో, కంకరలో విసిరితే లైను పైపూత గీరుకుపోతుంది. గాలం బదులు ఉన్ని పోగు కట్టు, కంటికి కళ్లద్దాలు, తలకు టోపీ పెట్టుకో.

మన వైపు దోమలు ఎక్కువ కాబట్టి ఇది కూడా చెప్తున్నాను, డీట్ ఉన్న దోమల మందు రాసుకున్న చేతులతో లైను పట్టుకోకు, ప్లాస్టిక్ పూతను తినేస్తుంది. ముక్కల జాయింట్లు విసిరే కొద్దీ వదులవుతాయి, అరగంటకోసారి బిగించి చూసుకో, కాస్త కొవ్వొత్తి మైనం రుద్దితే పట్టు నిలుస్తుంది. తడి రాడ్‌ను గొట్టంలో పెట్టి మూత వేయకు.

చెరువులు చాలావరకు సొసైటీలకో, ఎవరికో లీజులో ఉంటాయి, దిగే ముందు ఒక మాట అడుగు. వానాకాలంలో నీటి మీద ఎర్రటి కొర్రమీను పిల్లల గుంపు కనిపిస్తే కిందనే తల్లిదండ్రులు కాపలా ఉంటాయి, అప్పుడు ఏది విసిరినా కోపంతో కొడతాయి, పట్టడం చాలా తేలిక. దయచేసి వాటి జోలికి పోకు. పెద్దవి పోతే ఆ పిల్లల్ని రెండో రోజుకే వేరే చేపలు ఊడ్చేస్తాయి.

గునుపురం_గాలం

అలాగే అక్కా, వాటిని ముట్టుకోను. 6 నంబరు, 9 అడుగులు, నాలుగు ముక్కలు, ఫైబర్‌గ్లాస్ దొరికితే అదే, మిగిలిన డబ్బంతా లైనుకు. ఆదివారం పొద్దున్నే బావ రాడ్ అడిగి తీసుకుని గ్రౌండ్‌కు వెళ్తున్నాను, ఉన్ని పోగు అమ్మ దగ్గర ఉంది.