ఫ్రెకి: పేరా, విశేషణమా?

పాతమడత: పాత నార్స్ (స్కాండినేవియా) పద్యం వోలుస్పాలో మళ్లీ మళ్లీ వచ్చే మకుటం సగమే గుర్తుంది. “ఫెస్తర్ మున్ స్లిత్న, ఎన్ ఫ్రెకి రెన్న.” ‘గొలుసు తెగును, తోడేలు పరుగిడును’ అని రాసుకున్నా. కానీ ఫ్రెకి అంటే గెరి అనే ఇంకో తోడేలుతో పాటు దేవతల పెద్ద ఓడిన్ పెంచుకునే తోడేలు కదా. దేవతలు కట్టేసి ఉంచిన రాక్షస తోడేలు ఫెన్రిర్. మరి తెగేది ఎవరి గొలుసు?

ఇనపగజ్జె: ముందు ఆ గొలుసు తీసేయండి. ఫెన్రిర్ లేడింగ్, డ్రోమి అనే సంకెళ్లు రెండూ తెంచుకున్నాకే గ్లీప్నిర్ అనే కట్టు వచ్చింది. పిల్లి అడుగుల సవ్వడి, ఆడదాని గడ్డం, కొండ వేళ్లు, ఎలుగు నరాలు, చేప ఊపిరి, పిట్ట ఉమ్మి కలిపి చేసినది, పట్టుదారమంత మెత్తన. ఫెస్తర్‌కి ‘కట్టు’ చాలు.

యతిమైత్రి: ఫెస్తర్–ఫ్రెకి, అక్కడుంది కిటుకు. తోడేలుకి మామూలు మాట ‘ఉల్ఫర్’ పెడితే యతి పోతుంది. పై పాదంలో గర్మర్ (మొరిగే కుక్క), గ్నిపహెల్లి (దాని గుహ) జత కూడా అలాంటిదే. వాళ్లకి హల్లు కలిస్తే చాలు. అచ్చులైతే ఏదైనా దేనితోనైనా చెల్లుతుంది. మనకి అ–ఉ కుదరదు. కవికి కావలసింది ఫకారం, అంతే.

పాతమడత: ఫకారమే కావాలంటే ఫెన్రిర్‌కేం తక్కువండీ? అదీ రెండక్షరాలే.

ధాతుపాఠం: అందుకే అది పేరు కాదంటాను. ఫ్రెకర్ అంటే ఆబ ఉన్న, తిండియావ ఉన్న అనే విశేషణం. ఫ్రెకి అంటే ‘ఆబగొట్టుది’. గెరికీ దాదాపు అదే అర్థం. పైగా ఉల్ఫర్, మన వృకం ఒకే మూలంలోంచి వచ్చినవి. వృకోదరుణ్ణి తలుచుకోండి.

యతిమైత్రి: వృకమనే అగ్ని ఉదరంలో ఉన్నవాడని ఇంకో వ్యుత్పత్తి ఉంది మాష్టారూ. అందులో తోడేలు లేదు.

ధాతుపాఠం: ఉంది లెండి, “కోకస్త్వీహామృగో వృకః” అన్నాడు అమరుడు. అగ్నైనా తోడేలైనా ఆకలే. నన్నయ భీముడు బకుడికి పంపిన బండెడన్నం తినేశాడు, తిక్కన భీముడు వలలుడై ఏకంగా వంటశాలలోనే దూరాడు. అజ్ఞాతవాసానికి అంతకన్నా...

కంట్రోలర్ కిట్టు: విరాటపర్వంలోకి వెళ్లిపోతున్నారు! గర్మర్, ఫెన్రిర్ ఒకటేనా అన్న తగువు 2022లో గాడ్ ఆఫ్ వార్ రాగ్నరోక్ అనే వీడియో గేమ్ తీర్చేసింది. చచ్చినవాళ్ల లోకం హెల్‌హైమ్‌లో కట్టేసిన గర్మ్‌ని ఆటలో కుర్రాడు అట్రియస్ వదిలేస్తాడు. ఎంత కొట్టినా చావదు. కత్తిలో ఉన్న ఫెన్రిర్ ప్రాణం దాని ఒంట్లోకి దింపితేగాని లొంగదు.

ఇనపగజ్జె: పరకాయప్రవేశమన్నమాట! కానీ గ్రిమ్నిస్మాల్ అనే ఇంకో పాత పద్యంలో గర్మర్ కుక్కల్లో మేటి, తోడేలు కాదు. ఈ కథలు వచనంలో రాసిన స్నోరి లెక్కలో టూర్ అనే దేవుడు, గర్మర్ ఒకరినొకరు చంపుకుంటారు. ఓడిన్‌ని మింగేది ఫెన్రిర్. అన్నట్టు 2018 గాడ్ ఆఫ్ వార్ ఆటలో మీద పడే వుల్వర్లు (తోడేలు తల మనుషులు) నార్స్‌వి కావు తమ్ముడూ, స్కాట్లాండ్ దగ్గరి షెట్లాండ్ దీవులవి. అక్కడ అది పేదల కిటికీలో చేపలు పెట్టిపోయే సాధువు.

యతిమైత్రి: వోలుస్పా ఉన్న చేతిరాత పుస్తకం కోడెక్స్ రెజియస్ 1270 ప్రాంతపు ప్రతి. అందులో పేరుకి పెద్దక్షరం, మామూలు మాటకి చిన్నక్షరం అన్న పద్ధతి లేదు. పెద్ద ఎఫ్ పెట్టి తగువు తెచ్చింది అచ్చువాళ్లే. మన లిపిలో ‘ఫ్రెకి’ అనే ఉంచేయండి, రెండూ పలుకుతాయి.

ధాతుపాఠం: దాన్ని అనువాదం అనరు, తప్పించుకోవడం అంటారు.

పాతమడత: ‘కట్టు తెగును, కక్కుర్తి పరుగిడును.’ క–క కుదిరింది, ఆబా వచ్చింది.

ఇనపగజ్జె: బాగుందండీ. తోడేలేదీ?