ఇజ్రాయెల్ ‘యూదు జాతి రాజ్యం’ చట్టం: ఉన్నదే కాగితం మీద పెట్టారా, కొత్తగా ఏమైనా లాక్కున్నారా?

దక్షిణగాలి

గాజా మీద థ్రెడ్ ఎప్పుడు తెరిచినా పదో కామెంటుకల్లా తిట్లలోకి దిగుతోంది. అందుకని ఈసారి ఇజ్రాయెల్ లోపలి గొడవ ఒక్కటే పెడుతున్నాను, అంటే ఆ దేశ పౌరులే, అక్కడ ఓటు ఉన్నవాళ్లే తమలో తాము తేల్చుకోలేకపోతున్న విషయం. 2018 జులై 19న వాళ్ల పార్లమెంటు క్నెసెట్ 62-55 ఓట్లతో ఒక మౌలిక చట్టం చేసింది. రాజ్యాంగం అని ఒక్క పుస్తకం లేని దేశం కాబట్టి ఈ మౌలిక చట్టాలే వాళ్లకు రాజ్యాంగం. ఇజ్రాయెల్ యూదు ప్రజల జాతి రాజ్యం, అందులో జాతిగా స్వయం నిర్ణయాధికారం యూదులకే ప్రత్యేకం, రాజ్య భాష హీబ్రూ, అరబిక్‌కి ‘ప్రత్యేక హోదా’, యూదు ఆవాసాలను పెంచడం జాతీయ విలువ. ఇదీ అందులో ఉన్నది. జనాభాలో దాదాపు ఐదో వంతు అరబ్బులు, వాళ్లలో చాలామంది తాము పాలస్తీనీయులమనే చెప్పుకుంటారు. పదకొండు క్లాజుల్లో సమానత్వం ఊసు లేదు, ప్రజాస్వామ్యం ఊసూ లేదు.

యూదులకు ఒక దేశం ఉండాలనే దాని మీద నాకు పేచీ లేదు. ఆ దేశానికి ఈ చట్టం అవసరం లేదు, చెడు మాత్రం చేసింది అంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

కోటప్పకొండ

కాదనేవాణ్ని నేనే. 1948 మే 14 స్వాతంత్ర్య ప్రకటనలో ‘యూదు రాజ్యం’ అనే ఉంది. అంతకుముందు 1947 నవంబర్ 29న ఐక్యరాజ్య సమితి 181వ తీర్మానం చెప్పింది కూడా ఒక యూదు రాజ్యం, ఒక అరబ్ రాజ్యం అనే. ప్రపంచంలో ఏ మూల యూదుడైనా వచ్చి పౌరుడు కావచ్చనే రిటర్న్ చట్టం 1950 నాటిది. అప్పుడు లేని అభ్యంతరం 2018లో ఎందుకు? పాలస్తీనా అథారిటీ తన సొంత మౌలిక చట్టంలో ఇస్లాం అధికార మతం, అరబిక్ అధికార భాష, మా ప్రజలు అరబ్ జాతిలో భాగం అని రాసుకుంది. దాన్ని ఎవరూ అన్యాయం అనరు. పొరుగు దేశాల రాజ్యాంగాలు తీసి చూడండి, ఇదే మాట. ఒక్క యూదులు రాసుకుంటేనే కొంప మునిగిపోతుందా?

వ్యక్తుల హక్కులంటారా, వాటికి 1992లోనే మానవ గౌరవం-స్వేచ్ఛ చట్టం ఉంది. ‘యూదు, ప్రజాస్వామ్య రాజ్యం’ అని అందులో రాశారు. ఒక చట్టం వ్యక్తికి, ఒక చట్టం జాతికి. రెండూ కలిపి చదవాలి.

లా కాలేజీ బెంచి

కోటప్పకొండ గారు, కలిపే చదువుదాం. మీరు చెప్పిన 1992 చట్టంలోనూ సమానత్వం అని విడిగా రాయలేదు. మత పార్టీలు ఒప్పుకోక వదిలేశారు. ఆ తర్వాత సుప్రీంకోర్టే ‘మానవ గౌరవం’ అనే మాటలోంచి సమానత్వాన్ని తీర్పు మీద తీర్పుగా బయటికి లాగింది. అంటే ఒకరి హక్కు చట్టంలో అచ్చుగా ఉంది, ఇంకొకరి హక్కు జడ్జిల వ్యాఖ్యానంలో ఉంది. రేపు జడ్జిలు మారితే ఏది నిలబడుతుంది?

మీరు ఎత్తిన 1948 ప్రకటనలోనే ఇంకో వాక్యం ఉంది, మతం, జాతి, లింగ భేదం లేకుండా అందరికీ సంపూర్ణ సామాజిక, రాజకీయ సమానత్వం అని. ఆ ప్రకటనలోంచి మొదటి సగం తీసుకుని మౌలిక చట్టం చేశారు, రెండో సగం అక్కడే వదిలేశారు. పొరపాటున జారిపోలేదండీ, ప్రతిపక్షం పెట్టమని అడిగితే పెట్టలేదు. అప్పటి న్యాయ మంత్రి అయెలెత్ షాకెద్ అదే ఏడాది ఫిబ్రవరిలో, యూదు మెజారిటీని కాపాడుకోవడానికి అవసరమైతే హక్కులకు కొంత భంగం కలిగినా సరే అని బహిరంగంగానే అన్నారు.

ఇది లెఫ్టు, రైటు తగాదా అనుకునేవాళ్ల కోసం ఇంకొకటి. ముసాయిదాలో మతాన్ని, జాతిని బట్టి విడి ఊళ్లు కట్టుకోవచ్చనే క్లాజు ఉండేది. దాన్ని గట్టిగా వ్యతిరేకించింది అప్పటి అధ్యక్షుడు రూవెన్ రివ్లిన్, స్వయానా ఈ చట్టం తెచ్చిన నెతన్యాహు పార్టీ లికుద్ మనిషి. ఆ తర్వాతే దాన్ని మార్చి ‘యూదు ఆవాసాలు’ అన్నారు. లికుద్ సభ్యుడే అయిన బెన్నీ బెగిన్ ఓటు వేయకుండా తటస్థంగా ఉండిపోయాడు. ఆయన తండ్రి మెనాచెమ్ బెగిన్ ప్రతిపక్షంలో ఉన్నప్పుడు, అరబ్ పౌరుల మీద 1966 దాకా నడిచిన సైనిక పాలనను ఎత్తేయాలని వాదించినవాడు.

కోటప్పకొండ

బెంచి గారూ, రాసిందానికి, జరిగిందానికి తేడా ఉంది కదా. 2021 జులైలో పదకొండు మంది జడ్జిల్లో పది మంది ఈ చట్టం చెల్లుతుందన్నారు. ఇది ఇతర పౌరుల సమానత్వాన్ని తగ్గించదని, మిగతా మౌలిక చట్టాలతో కలిపే చదవాలని చెప్పారు. ఇంకేం కావాలి? ఈ చట్టం వల్ల ఫలానా అరబ్ పౌరుడికి ఫలానా నష్టం జరిగిందని ఒక్కటి చూపించండి.

లా కాలేజీ బెంచి

చూపిస్తా. ఉత్తర ఇజ్రాయెల్‌లోని గలిలీ ప్రాంతంలో కర్మియెల్ అనే ఊరు. అక్కడి అరబ్ పిల్లలకు ఊళ్లో అరబిక్ బడి లేదు, బయట ఊళ్లలో చదువుకుంటున్నారు, బస్సు ఖర్చులు మున్సిపాలిటీ ఇవ్వాలని కేసు వేశారు. 2020లో కింది కోర్టు కొట్టేసింది. కారణంగా ఏం రాసిందంటే, కర్మియెల్ గలిలీలో యూదు ఆవాసాన్ని బలపరచడానికి కట్టిన ఊరు, ఇక్కడ అరబిక్ బడి పెడితే, బస్సులిస్తే ఊరి జనాభా స్వరూపం మారిపోతుంది అని. ఆధారం యూదు ఆవాసాలు జాతీయ విలువ అనే ఏడో క్లాజు, మనం మాట్లాడుకుంటున్న ఈ చట్టమే. ఆ పదకొండో జడ్జి ఎవరో కూడా చెప్పాల్సింది మీరు. జార్జ్ కర్రా, ఆ బెంచి మీద ఉన్న ఒకే ఒక్క అరబ్.

కోటప్పకొండ

కర్మియెల్ కథ సగమే చెప్పారు. అప్పీలులో హైఫా జిల్లా కోర్టు ఆ తర్కం తప్పని చెప్పింది కదా?

లా కాలేజీ బెంచి

చెప్పింది. తర్కం తప్పంది, అప్పీలు మాత్రం కొట్టేసింది, బస్సు డబ్బులు రాలేదు. చట్టం చదివిన ఒక న్యాయాధికారికి అందులో అదే అర్థం కనిపించిందంటే ఆ చట్టం తయారీలోనే లోపం ఉందని నా పాయింటు. ఇంకొకటి, చిన్న ఊళ్లలో కొత్తగా ఎవరిని ఇల్లు కొనుక్కోనివ్వాలో తేల్చే అడ్మిషన్ కమిటీలు. 2011లో దక్షిణాన నెగెవ్, ఉత్తరాన గలిలీల్లో 400 కుటుంబాల లోపు ఊళ్లకే ఆ అధికారం ఇచ్చారు. 2023 జులైలో దాన్ని 700 కుటుంబాలకు పెంచారు. ‘సామాజిక పొందిక కుదరదు’ అంటే చాలు, అప్లికేషన్ బుట్టలో పడుతుంది. ఎవరి అప్లికేషన్లు పడతాయో ఊహించుకోవడానికి లా డిగ్రీ అక్కర్లేదు.

నిజామాబాద్ నుంచి

అన్నలూ, నేను టెల్ అవీవ్ పక్కన కేర్‌గివర్‌గా పనిచేసి వచ్చాను. మన తెలంగాణ వాళ్లు అక్కడ చాలామందే ఉన్నారు. నేను చూసుకున్న పెద్దాయన లికుద్ ఓటరే, కానీ డ్రూజ్‌ల విషయంలో మాత్రం టీవీ ముందు కూర్చుని సొంత పార్టీనే తిట్టేవాడు. డ్రూజ్‌లంటే అరబిక్ మాట్లాడే ఒక చిన్న మత సమాజం, వాళ్ల మగవాళ్లకు 1956 నుంచి సైన్యంలో చేరడం తప్పనిసరి. కొడుకుల్ని పోగొట్టుకున్న ఇళ్లు ప్రతి డ్రూజ్ ఊళ్లో ఉంటాయి. చట్టం వచ్చిన రెండు వారాలకు, ఆగస్టు 4న, టెల్ అవీవ్‌లో రబిన్ స్క్వేర్ నిండిపోయింది. వాళ్ల మత పెద్ద షేక్ మువఫక్ తరీఫ్ వచ్చాడు. రిటైరైన యూదు జనరల్స్ పక్కన నిలబడ్డారు. ఇజ్రాయెల్ జెండా, డ్రూజ్ రంగుల జెండా కలిపి ఊపారు. ముగ్గురు డ్రూజ్ ఎంపీలు కోర్టుకెళ్లారు, అందులో ఇద్దరు అధికార కూటమి పార్టీల వాళ్లే. నష్టం చూపించమని అడిగారు కదా కోటప్పకొండన్న, ప్రాణం ఇవ్వడానికి పనికొచ్చి పేరు రాయడానికి పనికిరాకపోవడం నష్టమే కాదా?

కోటప్పకొండ

డ్రూజ్‌ల మాట ఒప్పుకుంటా, వాళ్ల కోసం ఒక వాక్యం ఉండాల్సింది. కానీ వారం తర్వాత, ఆగస్టు 11న, అదే చౌకులో అరబ్ సంఘాలు చేసిన ర్యాలీ సంగతి కూడా చెప్పండి. అక్కడ పాలస్తీనా జెండాలు లేచాయి. నెతన్యాహు ఆ వీడియోనే పెట్టి, ఈ చట్టం ఎందుకు కావాలో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి అన్నాడు.

దక్షిణగాలి

నాకు ఈ థ్రెడ్‌లో అసలు కావాల్సింది ఇక్కడే ఉంది. ఒకే చట్టం మీద, ఒకే చౌకులో, వారం తేడాతో రెండు సభలు. కానీ అడిగింది ఒకటి కాదు. డ్రూజ్‌లు ‘ఈ ఇల్లు మాది కూడా, మా పేరు గుమ్మం మీద రాయండి’ అన్నారు. రెండో సభలో చాలామంది అన్నది, ఇల్లు ఒక జాతి పేరున ఉండటమే తప్పు, పౌరులందరి పేరున ఉండాలి అని. బలద్ అనే అరబ్ పార్టీ తన వ్యవస్థాపకుడు అజ్మీ బిషారా కాలం నుంచి చెబుతున్నది ఈ రెండో మాటే. ఈ చట్టం పాసవడానికి కొద్ది వారాల ముందే ‘పౌరులందరి రాజ్యం’ అనే బిల్లును బలద్ ఎంపీలు పెట్టబోతే క్నెసెట్ పెద్దలు చర్చకు కూడా రానివ్వలేదు. ఓడించి ఉంటే అది వేరు సంగతి, వాళ్ల చేతిలో మెజారిటీ ఉంది కదా. సభలో వినడానికి కూడా భయపడ్డారంటే ఆ మాటలో ఏదో బలం ఉందన్నమాటే.

కోటప్పకొండ

భయపడ్డారు, నిజమే, భయపడాల్సిందే. పౌరులందరి రాజ్యం అంటే రిటర్న్ చట్టం పోతుంది. అది పోయాక యూదులు మైనారిటీ అయితే ఏమవుతుందో ఇరాక్, యెమెన్, ఈజిప్టు నుంచి లక్షల సంఖ్యలో పారిపోయి వచ్చిన కుటుంబాలను అడగండి. వాళ్ల పిల్లలూ మనవలే ఇవాళ లికుద్ ఓటు బ్యాంకు. 2023 అక్టోబర్ 7న హమాస్ ఒక్క రోజులో దాదాపు 1,200 మందిని చంపాక అక్కడ మామూలు మనిషికి మీ బలద్ సిద్ధాంతం ఎలా వినిపిస్తుందనుకుంటున్నారు?

పలనాటి మిరప

ఇంతసేపూ ఓటున్న అరబ్బుల గురించే మాట్లాడుకుంటున్నారు. ఓటు లేని వాళ్లో? 1967 నుంచి వెస్ట్ బ్యాంక్ ఇజ్రాయెల్ సైనిక పాలన కింద ఉంది. అక్కడ సెటిల్‌మెంట్‌లో ఉండే యూదుడు క్నెసెట్‌కి ఓటేస్తాడు, నేరం చేస్తే మామూలు కోర్టుకి వెళ్తాడు. కొండ కింద ఊళ్లో ఉండే పాలస్తీనీయుడికి ఓటు లేదు, వాడికి మిలిటరీ కోర్టు. తూర్పు జెరూసలేం వాళ్లలో ఎక్కువమంది ‘నివాసులు’, పౌరులు కారు. ఇప్పుడు మీ ఏడో క్లాజు చదవండి. యూదు ఆవాసం జాతీయ విలువ అంది, ఏ సరిహద్దు లోపల అని రాయలేదు. మొదటి క్లాజు మొదలయ్యేదే ఇజ్రాయెల్ ‘భూమి’ యూదుల మాతృభూమి అని, రాజ్యం మాట తర్వాత వస్తుంది. దీని పక్కన 2024 జులై తీర్మానం పెట్టండి. జోర్డాన్ నదికి పడమట పాలస్తీనా రాజ్యం వద్దని క్నెసెట్ 68-9 ఓట్లతో చెప్పింది. మా రాజ్యంలో స్వయం నిర్ణయాధికారం మీకు లేదు, బయట ఇంకో రాజ్యమూ ఉండదు. మరి ఆ లక్షల మంది ఎక్కడికి పోవాలి, సముద్రంలోకా?

అక్టోబర్ 7 ఘోరం, అందులో రెండో మాట లేదు. ఆ తర్వాత గాజాలో పదుల వేల మంది చచ్చిపోయారు, అందులోనూ రెండో మాట ఉండకూడదు. 1948లో దాదాపు ఏడు లక్షల మంది పాలస్తీనీయులు ఇళ్లు వదిలి పోవాల్సి వచ్చింది. కొందరిని తరిమారు, కొందరు భయంతో పోయారు. న్యూయార్కులో పుట్టిన యూదుడు రేపు పొద్దున వచ్చి పౌరుడు కావచ్చు. హైఫాలో పుట్టి లెబనాన్ క్యాంపులో ముసలైన పాలస్తీనీయుడు రాలేడు.

కోటప్పకొండ

2000లో క్యాంప్ డేవిడ్ చర్చలు, 2008లో ఇజ్రాయెల్ ప్రధాని ఓల్మెర్ట్ ప్రతిపాదన. రెండు సార్లు రాజ్యం చేతికిచ్చినంత పని చేశారు, కాదన్నది ఎవరు?

మోడరేటర్

1948, క్యాంప్ డేవిడ్, నక్బా (పాలస్తీనీయులు 1948లో ఇళ్లు పోగొట్టుకోవడాన్ని అలా అంటారు), వీటికి వేరే థ్రెడ్‌లు ఉన్నాయి. ఇక్కడ చట్టం దగ్గరే ఉండండి. సీఏఏతో పోలుస్తూ పెట్టిన మూడు కామెంట్లు తీసేశాను, అది మొదలైతే ఇక ఇజ్రాయెల్ ఎవరికీ గుర్తుండదు.

చేబ్రోలు

చట్టం దగ్గరే ఉంటాను కానీ మా ఊరి మాట ఒకటి. మా పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిమ్ కుటుంబాలున్నాయి, తెలుగు మాట్లాడే యూదులమని చెప్పుకుంటారు, చిన్న సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం, కూడా ఉంది. ఎక్కువగా మాదిగ కుటుంబాలు. ఇజ్రాయెల్ వెళ్లాలని ఆశ. మణిపూర్, మిజోరంలలో యూదులమని చెప్పుకునే బ్నే మెనాషెను 2005లో అక్కడి ప్రధాన రబ్బీ, అంటే యూదు మత గురువు, గుర్తించారు, వేల మంది వెళ్లారు. మా వాళ్లకు ఆ గుర్తింపు రాలేదు. ‘యూదు ప్రజల రాజ్యం’ అని చట్టంలో రాయడం తేలికే, ఆ ప్రజల్లో ఎవరున్నారో తేల్చే దగ్గర రబ్బీలు, కోర్టులు, హోం శాఖ ఇప్పటికీ కొట్లాడుకుంటూనే ఉన్నారు. రష్యా నుంచి వచ్చినవాళ్లలో కూడా రిటర్న్ చట్టం కింద పౌరులై, రబ్బీల లెక్కలో యూదులు కానివాళ్లు బోలెడంతమంది.

దక్షిణగాలి

చేబ్రోలు గారు, ఇది నాకు కొత్త. మంచి పాయింటు.

కోటప్పకొండ గారికి ఒక సూటి ప్రశ్న. మన్సూర్ అబ్బాస్ 2021 జూన్‌లో తన రాఅమ్ పార్టీని పాలక కూటమిలో చేర్చాడు, కూటమి ఒప్పందం మీద సంతకం పెట్టిన మొదటి స్వతంత్ర అరబ్ పార్టీ అదే. ఆ డిసెంబరులో, ఇజ్రాయెల్ యూదు రాజ్యంగా పుట్టింది, అలాగే ఉంటుంది, ఇక మాట్లాడాల్సింది అందులో అరబ్ పౌరుడి స్థానం గురించి అన్నాడు. సొంత సమాజంలో ఎన్ని తిట్లు తిన్నాడో లెక్కలేదు. మీరు అడిగిన మాట ఆయన అనేశాడు. బదులుగా చట్టంలో సమానత్వం అనే ఒక్క వాక్యం కలపడానికి మీ వైపు ఎవరైనా సిద్ధమా?

కోటప్పకొండ

నేను సిద్ధం. ఇందాక డ్రూజ్‌ల దగ్గరే చెప్పాను. హీబ్రూ సంగతి, స్వయం నిర్ణయాధికారం సంగతి మాత్రం కదపకూడదు.

లా కాలేజీ బెంచి

మీరు సిద్ధమైతే సరిపోదు సార్. పదకొండో క్లాజు ప్రకారం సవరించాలంటే 120లో 61 ఓట్లు కావాలి. మాజీ సైన్యాధిపతి బెన్నీ గాంట్జ్ 2019లో రాజకీయాల్లోకి దిగుతూనే డ్రూజ్‌లకు మాటిచ్చాడు, చట్టం సరిచేస్తానని. 2021లో ఆయన రక్షణ మంత్రిగా ఉన్న ప్రభుత్వం అబ్బాస్ పార్టీ నలుగురితో కలిపి 61 మందితోనే మొదలైంది. సవరణ రాలేదు. ఆ ప్రభుత్వంలో హోం మంత్రి ఎవరో తెలుసా? అయెలెత్ షాకెద్.

కోటప్పకొండ

అబ్బాస్ కూడా దాన్ని షరతుగా పెట్టలేదు కదా? బడ్జెట్ అడిగాడు, ఇళ్ల కూల్చివేతలు ఆపమన్నాడు, నెగెవ్‌లో బెదూయిన్ (అరబ్ సంచార తెగల) పల్లెలకు గుర్తింపు, కరెంటు అడిగాడు. ఈ చట్టం వాళ్ల బతుకుల్లో అంత పెద్ద విషయమైతే ముందు అదే అడిగేవాడు.

పలనాటి మిరప

ఆ బెదూయిన్లు 1948 నుంచి ఆ దేశంలో ఉన్నవాళ్లు, ఓటున్న పౌరులు, కొందరు సైన్యంలో కూడా చేస్తారు. గుర్తింపు లేని పల్లెల్లో 2021లో ఇంకా కరెంటు అడుక్కోవాల్సి వచ్చింది. అదే నెగెవ్‌లో కొత్త యూదు ఊరు కడితే కరెంటు తీగ ముందే వస్తుంది. ఆయన చట్టం గురించి అడగలేదంటున్నారు, ఏడో క్లాజు కింద ఉన్నవాడు మొదట అడిగేది కరెంటే.