పదిహేను నిమిషాల్లో తేలకపోతే ఫార్మాట్ కొట్టడమే నేర్చుకోవాలా?

కడప విద్యార్థి:
అందరికీ నమస్కారం. నేను ఈ ఏడాది బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తి చేసి, డెస్క్‌టాప్ సపోర్ట్ ఉద్యోగం కోసం అమీర్‌పేటలో మూడు నెలల కోర్సులో చేరాను. నిన్న మా బోధకులు ఒక మాట చెప్పారు. యూజర్ సిస్టమ్‌లో సమస్య పదిహేను నిమిషాల్లో తేలకపోతే దాన్ని పట్టుకుని కూర్చోకూడదట, డేటా బ్యాకప్ తీసి, ఫార్మాట్ కొట్టి (డిస్క్ మొత్తం తుడిచి), కంపెనీ ఇమేజ్, అంటే ముందే సిద్ధం చేసి ఉంచిన విండోస్ ప్రతి, వేసి ఇచ్చేయాలట, ఉద్యోగంలో నిలబడేది అలా చేసేవారేనట. అయితే నేను చదువుతున్న కాంప్‌టియా ఏ ప్లస్ సర్టిఫికేషన్ పుస్తకంలో సమస్యను గుర్తించడం, కారణాన్ని ఊహించడం, ఆ ఊహను పరీక్షించడం, ప్రణాళిక వేసి అమలు చేయడం, అంతా సరిగా పనిచేస్తున్నదో లేదో చూడడం, చివరకు రాసిపెట్టడం అని ఆరు మెట్లు ఉన్నాయి. నా దగ్గర సమయమూ డబ్బూ రెండూ తక్కువే. వేగంగా మార్చి ఇవ్వడం నేర్చుకోవాలా, కారణం వెతకడం నేర్చుకోవాలా? పనిలో ఉన్న పెద్దలు చెప్పగలరని అడుగుతున్నాను.

గోదావరిగట్టు:
తమ్ముడూ, ఆ పుస్తకం చెప్పినదే నేర్చుకో. పద్నాలుగేళ్లుగా గోదావరి జిల్లాల్లో శాఖాకార్యాలయాల చుట్టూ తిరుగుతూ ఇదే పని చేస్తున్నాను. ఒక చిన్న కార్యాలయంలో ఒకే కంప్యూటర్‌ను నెలలో రెండుసార్లు ఫార్మాట్ చేశారు. ప్రతి ఉదయం బ్రౌజర్ తెరవగానే సర్టిఫికెట్ చెల్లదని చూపించేది, ఏ వెబ్‌సైటూ సరిగా తెరుచుకునేది కాదు. ఫార్మాట్ చేసిన రోజు బాగానే పనిచేసేది, ఎందుకంటే కొత్తగా విండోస్ వేసేటప్పుడు ఇంజినీరు తేదీ, సమయం సరిచేసేవాడు. సాయంత్రం సిబ్బంది మెయిన్ స్విచ్ ఆపి వెళ్లగానే గడియారం మళ్లీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోయేది. తేదీ తప్పితే బ్రౌజర్‌కు వెబ్‌సైట్ల సర్టిఫికెట్లు చెల్లనివిగా కనిపిస్తాయి. ఆ గడియారాన్ని నడిపే, మదర్‌బోర్డు మీద ఉండే సీఆర్2032 బటన్ బ్యాటరీ అయిపోయింది, అంతే. బ్యాటరీ మార్చడానికి ఐదు నిమిషాలు పట్టింది. కారణం వెతకనివాడు ఆ కార్యాలయానికి మూడోసారి కూడా ఫార్మాట్ కొట్టడానికే వెళ్లేవాడు.

మూడోషిఫ్టు:
గోదావరిగట్టు గారి అనుభవాన్ని గౌరవిస్తూనే ఒక మాట చెప్పాలి. నేను హైదరాబాద్‌లో రాత్రి షిఫ్టు సర్వీస్ డెస్క్ బృందానికి లీడ్‌ను. ఒక్కో రాత్రి నలుగురం కలిసి అరవైకి పైగా టికెట్లు, అంటే నమోదైన ఫిర్యాదులు, చూస్తాం. ఐటీ సేవల నిర్వహణకు వాడే ఐటిల్ పద్ధతిలో ఇన్సిడెంట్ వేరు, ప్రాబ్లమ్ వేరు. ఆగిపోయిన పనిని ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా మళ్లీ నడిచేలా చేయడం ఇన్సిడెంట్ చూసేవారి బాధ్యత, అది మళ్లీ మళ్లీ ఎందుకు వస్తున్నదో తవ్వి తీయడం ప్రాబ్లమ్ చూసేవారి బాధ్యత. కొత్తగా చేరేవారు మొదటి మెట్టు మీదే ఉంటారు. కాల్ రాగానే యూజర్‌తో సిస్టమ్ రీస్టార్ట్ చేయించాలి, తేలకపోతే రిమోట్‌లో చూడాలి, అప్పటికీ తేలకపోతే ఇమేజ్ వేసి ఇవ్వాలి. యూజర్ కోరుకునేది తన పని సాగడం, మన పరిశోధన కాదు.

గోదావరిగట్టు:
రీస్టార్ట్ మొదటి పని ఎలా అవుతుంది? హత్య జరిగిన గదిని పోలీసులు వచ్చేలోపే కడిగేసినట్లు ఉంటుంది. ఏ ప్రోగ్రామ్ మెమరీని మింగుతున్నది, ఏది ఏ ఫైలును పట్టుకుని వదలడం లేదు, నెట్‌వర్క్ కనెక్షన్లు ఏ స్థితిలో ఉన్నాయి అన్నవి రీస్టార్ట్‌తో పోతాయి. ముందు చూడాలి, తర్వాతే రీస్టార్ట్.

మూడోషిఫ్టు:
జరిగినవన్నీ విండోస్ రాసుకునే ఈవెంట్ లాగ్ రీస్టార్ట్ తర్వాత కూడా ఎక్కడికీ పోదు. కరెంటు పోయి ఆగినా, గడ్డకట్టి ఆగినా కెర్నల్ పవర్ 41 అన్న నమోదు అందులో కనిపిస్తుంది. సాక్ష్యం పోతుందన్న భయం అవసరం లేదు.

పాతబస్తీ తీగ:
రీస్టార్ట్ కన్నా ముందు కేబుల్ సరిగా గుచ్చి ఉన్నదో లేదో చూడమని ఆ అబ్బాయికి చెప్పండి. నా కాల్స్‌లో చాలావరకు అక్కడే తేలిపోతాయి.

గోదావరిగట్టు:
ఆ 41 నమోదు సిస్టమ్ సక్రమంగా మూయకుండా ఆగిపోయిందన్నంత వరకే చెబుతుంది. ఎందుకు ఆగిందో చెప్పదు. మరో సంగతి కూడా ఉంది. మీరు ఫోన్‌లో రీస్టార్ట్ అంటే సగం మంది షట్‌డౌన్ నొక్కి మళ్లీ ఆన్ చేస్తారు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అన్నది వచ్చింది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినప్పుడు విండోస్ మూలభాగమైన కెర్నల్‌ను డిస్క్‌లో దాచిపెట్టి, ఆన్ చేసినప్పుడు అదే తిరిగి ఎత్తుకుంటుంది. యూజర్ ఆపి వేశానని నిజాయతీగానే చెబుతాడు, కానీ టాస్క్ మేనేజర్‌లో అప్‌టైమ్ (ఆగకుండా నడిచిన సమయం) చూస్తే పన్నెండు రోజులు ఉంటుంది. మీ మొదటి మెట్టే జరగలేదు, మీరు మూడో మెట్టైన ఇమేజ్‌కు వెళ్లిపోయారు.

మూడోషిఫ్టు:
ఫాస్ట్ స్టార్టప్ సంగతి మా బృందంలో అందరికీ తెలుసు. అందుకే షట్‌డౌన్ వద్దు, రీస్టార్ట్ అనే బొత్తామే నొక్కమని స్పష్టంగా చెప్పిస్తాం. మీరు చెప్పినదానితో రీస్టార్ట్ సరిగా చేయించాలన్నది రుజువైంది కానీ చేయించకూడదన్నది రుజువు కాలేదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరతో ఆగిపోయినప్పుడు, మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అయిన అజూర్‌లోని వర్చువల్ యంత్రాలకు అవసరమైతే పదిహేనుసార్ల వరకు రీస్టార్ట్ చేసి చూడమని స్వయంగా మైక్రోసాఫ్టే సూచించింది.

గోదావరిగట్టు:
ఆ రోజును మీరే గుర్తు చేశారు కాబట్టి మిగతాది కూడా చెప్పండి. రీస్టార్ట్‌తో లేవని యంత్రాలను ఎలా లేపారు? సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, డ్రైవర్ల ఫోల్డర్‌లో క్రౌడ్‌స్ట్రైక్ కింద సీ-00000291తో మొదలయ్యే ఒక్క ఫైలును తీసేస్తే చాలింది. డిస్క్‌కు బిట్‌లాకర్ అనే ఎన్‌క్రిప్షన్ తాళం ఉన్నచోట 48 అంకెల రికవరీ కీ కావలసి వచ్చింది. ఆ కీ ఎక్కడ భద్రపరిచారో తెలిసిన ఇంజినీరు ఒక్కో యంత్రాన్ని నిమిషాల్లో లేపాడు. మీ పదిహేను నిమిషాల సూత్రం పట్టుకుని ఉంటే అన్ని యంత్రాలకూ ఫార్మాట్ కొట్టవలసి వచ్చేది.

మూడోషిఫ్టు:
ఆ ఫైలు పేరును ఏ డెస్క్ ఇంజినీరైనా కనిపెట్టాడా? లేదు. పైనుంచి సూచన వచ్చింది, కింద ఉన్నవారు పొల్లుపోకుండా, వేగంగా అమలు చేశారు. నేను చెబుతున్నదీ అదే.

పద్దుల బల్ల:
నేను ఇంజినీరును కాను, ఒక సంస్థలో పద్దులు చూసే ఉద్యోగిని. ఈ చర్చ చదివాక రాయకుండా ఉండలేకపోయాను. రెండేళ్ల క్రితం నా సిస్టమ్ నెమ్మదిగా ఉన్నదని ఫిర్యాదు చేస్తే, వచ్చిన అబ్బాయి డెస్క్‌టాప్ మీద, డాక్యుమెంట్లలో ఉన్నవి కాపీ చేసుకుని ఫార్మాట్ చేసి వెళ్లాడు. పాత ఉత్తరాలన్నీ అవుట్‌లుక్‌లో ఆర్కైవ్‌గా డీ డ్రైవ్‌లో ఒక పీఎస్‌టీ ఫైలులో ఉన్నాయని నాకు అప్పటికి తెలియదు, అతను అడగలేదు. ఏడేళ్ల ఉత్తరప్రత్యుత్తరాలు, సరఫరాదారులు ఒప్పుకున్న ధరల రుజువులతో సహా పోయాయి. ఆడిట్ వేళ నేను ఎంత మాట పడ్డానో ఎవరికీ చెప్పుకోలేదు. టికెట్ మాత్రం ఆ రోజే పరిష్కరించినట్లు మూసేశారు.

గోదావరిగట్టు:
అమ్మా, మీకు జరిగినది చాలా అన్యాయం. సర్వర్‌లోని ఉత్తరాలకు నకలైన ఓఎస్‌టీ ఫైలు పోతే సర్వర్ నుంచి మళ్లీ తెచ్చుకోవచ్చు, పీఎస్‌టీ ఉన్న డిస్క్‌లో తప్ప మరెక్కడా ఉండదు. ఈ తేడా తెలియని వాడి చేతికి ఫార్మాట్ డిస్క్ ఇచ్చినవారే బాధ్యులు. మూడోషిఫ్టు గారూ, గడియారం చూసి పనిచేయడమే నేర్పే మీలాంటి లీడ్‌ల చేతిలో తయారయ్యే ఇంజినీర్లు ఇలాగే ఉంటారు.

మూడోషిఫ్టు:
మీరు మాట జారారు. పద్దుల బల్ల గారికి జరిగిన నష్టానికి నేను నిజంగా బాధపడుతున్నాను. నా బృందంలో పీఎస్‌టీ ఎక్కడున్నదో చూడకుండా, యూజర్ చేత రాతపూర్వకంగా ఒప్పించుకోకుండా ఎవరూ డిస్క్ తుడవరు. కానీ నాకు కారణం వెతకడం రాదని, చేతకాక గడియారం పట్టుకున్నానని మీరు అనుకుంటున్నారు కాబట్టి చెబుతున్నాను.

2016లో నేను ఒక సంస్థలో వెండర్ తరఫున కాంట్రాక్టు మీద డెస్క్‌టాప్ ఇంజినీరుగా ఉండేవాణ్ని. ఒక అంతస్తులో రోజూ కొందరికి నెట్‌వర్క్ పోయేది, కాసేపటికి వచ్చేది. అందరూ కేబుళ్లు మార్చారు, ఇమేజ్‌లు వేశారు. నేను రెండు రోజులు కూర్చుని, పోయిన ప్రతి యంత్రంలోనూ నెట్‌వర్క్ వివరాలు చూపే ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్ ఆదేశం కొట్టి చూసుకుంటూ పోతే, వాటికి నెట్‌వర్క్ చిరునామా ఇస్తున్న డీహెచ్‌సీపీ సర్వర్ మా సర్వర్ కాదని తేలింది. ఎవరో మీటింగ్ గదిలో ఇంట్లో వాడే వైఫై రౌటర్ తెచ్చి గోడ పోర్టుకు తగిలించారు. మా సర్వర్ కన్నా ముందుగా ఆ రౌటర్ బదులిచ్చిన యంత్రానికల్లా తన దగ్గరి చిరునామా పంచిపెడుతున్నది. దాన్ని పీకేశాను, నలభై మంది సమస్య తీరింది. ఆ నెల నా పేరు మీద మూసిన టికెట్లు అందరికన్నా తక్కువ ఉన్నాయి. ఆ నలభై టికెట్లను, కేబుళ్లు మార్చినవారే అప్పటికే తమ పేర్ల మీద మూసేసుకున్నారు. నెలాఖరున నా కాంట్రాక్టు పొడిగించలేదు. ఐదు నెలలు ఖాళీగా ఉన్నాను, చెల్లెలి ఫీజు కోసం అప్పు చేశాను. ఇప్పుడు నా కింద పనిచేసే పిల్లలందరూ అలాగే మూడో మనిషి పేరోల్ మీద ఉన్నవారే. వారు రోడ్డున పడకూడదని నేను గడియారం నేర్పుతున్నాను.

గోదావరిగట్టు:
మీ మాట చదివాక కొంతసేపు ఏమీ రాయలేకపోయాను. అలా అనడం నా తప్పు, క్షమించండి. నాది ప్రభుత్వరంగ సంస్థలో పర్మనెంటు ఉద్యోగం. ఒక యంత్రం ముందు సాయంత్రం దాకా కూర్చున్నా నా జీతం తగ్గలేదు, ఎన్ని టికెట్లు మూశావని ఎవరూ అడగలేదు. నాకు ఆ వెసులుబాటు ఉన్నదన్న సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు. అయినా నా అభిప్రాయం మారలేదు. మీకు అన్యాయం చేసినది మీరు కారణం వెతకడం కాదు, మూసిన టికెట్లనే పనిగా లెక్కగట్టిన పద్ధతి. ఆ పద్ధతికి తగినట్లు పిల్లల్ని మలచడం నాకు సమ్మతం కాదు.

మూడోషిఫ్టు:
పద్ధతి తప్పని నేను మీకన్నా ముందే ఒప్పుకుంటాను. దాన్ని మార్చే శక్తి ఈ కడప అబ్బాయికి ఉన్నదా? అతనికి ముందు ఉద్యోగం రావాలి, వచ్చాక ఆరు నెలలు నిలవాలి. పని ఎలా ఉండాలో మీరు నేర్పమంటున్నారు, ఉన్న పనిలో ఎలా బతకాలో నేను నేర్పమంటున్నాను. మన తగువు ఇక్కడుంది. రీస్టార్ట్ గురించి ఇన్ని మాటలు అనవసరంగా అనుకున్నాం.

రెండో అంతస్తు:
నేను ఎల్2లో, అంటే సపోర్ట్ రెండో మెట్టులో, ఉన్నాను, మూడోషిఫ్టు గారి బృందంలాంటి వారు పంపే టికెట్లు నా దగ్గరికే వస్తాయి. పాస్‌వర్డ్ మార్చుకున్న మర్నాటి నుంచి ఒక యూజర్ ఖాతా గంటకోసారి లాక్ అవుతుంటే, అన్‌లాక్ చేసి చేసి విసిగి చివరకు ఆయన ల్యాప్‌టాప్‌కు ఇమేజ్ వేసి నాకు పంపారు. సంస్థలోని ఖాతాలన్నిటినీ చూసే డొమైన్ కంట్రోలర్ సర్వర్‌లో, ఖాతా లాక్ అయిందని చెప్పే 4740 నమోదు తెరిచి, అది చూపిన దారి పట్టుకుని వెళితే, ఆయన ఫోన్‌లోని మెయిల్ యాప్ పాత పాస్‌వర్డ్‌తో పదేపదే ప్రయత్నిస్తున్నదని తేలింది. ల్యాప్‌టాప్‌ను వందసార్లు తుడిచినా ఆ ఖాతా లాక్ అయ్యేది. కాబట్టి కారణం వెతకడం పర్మనెంటు వారి విలాసం అన్నట్లు మాట్లాడడం నాకు సరిగా అనిపించడం లేదు. ఇక్కడ రెండు నిమిషాల ప్రశ్న చాలు: ఇటీవల ఏం మార్చారు?

కడప విద్యార్థి తమ్ముడికి ఒక సలహా. డబ్బు తక్కువన్నావు కాబట్టి చెబుతున్నాను, ఒకే కంప్యూటర్‌లో మరికొన్ని వర్చువల్ యంత్రాలను నడిపే వర్చువల్‌బాక్స్ ఉచితం, విండోస్ సర్వర్ మూల్యాంకన ప్రతిని 180 రోజులు, విండోస్ 11 ఎంటర్‌ప్రైజ్ ప్రతిని 90 రోజులు వాడుకోవచ్చు. 16 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ దొరికితే అందులో డొమైన్ కట్టుకుని, డీహెచ్‌సీపీ, పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్ పెట్టుకుని, నీ చేతులతో నువ్వే చెడగొట్టు. చెడగొట్టింది ఏమిటో నీకు తెలుసు కాబట్టి, అది బయటికి ఏ లక్షణంగా కనిపిస్తుందో చూడడం అలవాటవుతుంది. గడియారం కూడా పెట్టుకో.

మూడోషిఫ్టు:
ఫోన్ సంగతి మేము అడిగే ప్రశ్నల పట్టికలో లేదు. ఈ రాత్రి నుంచి ఖాతా లాక్ అయిన కాల్స్‌కు అదే మొదటి ప్రశ్నగా చేర్చుతున్నాను. పదిహేను నిమిషాల హద్దు మాత్రం తీయను.

గోదావరిగట్టు:
హద్దు ఉంచుకోండి. ఇమేజ్ వేసే ముందు చూసినవీ, తేలనివీ టికెట్‌లో రాయించండి. మూడోసారి అదే యంత్రం వస్తే రాసినవి పనికొస్తాయి.

మూడోషిఫ్టు:
రాయడానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఆ ఐదు నిమిషాలు ఎవరి లెక్కలో వేయాలో మా మేనేజరును అడుగుతాను. ఆయన ఒప్పుకోకపోవచ్చు.

కడప విద్యార్థి:
అందరికీ కృతజ్ఞతలు. రెండో అంతస్తు అక్క చెప్పినట్లు మా గదిలోని స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో రెండు వర్చువల్ యంత్రాలు పెట్టుకున్నాను. నేను బయటికి వెళ్లినప్పుడు అతన్ని ఏదో ఒకటి చెడగొట్టమన్నాను. వచ్చి చూస్తే క్లయింట్‌కు నెట్‌వర్క్ లేదు, చిరునామా 169.254తో మొదలవుతున్నది. డీహెచ్‌సీపీ సర్వర్ బదులివ్వకపోతే విండోస్ తనంతట తానే అలాంటి చిరునామా పెట్టుకుంటుందని పాఠంలో చదివాను, అయినా ముందు అడాప్టర్ డ్రైవర్ తీసి వేశాను, తర్వాత రీస్టార్ట్ చేశాను. సర్వర్‌లో డీహెచ్‌సీపీ సర్వీస్ ఆపేసి ఉన్నదని తెలుసుకోవడానికి నలభై రెండు నిమిషాలు పట్టింది. రేపు మరొకటి చెడగొడతానన్నాడు. ఎన్ని నిమిషాలు పట్టిందో ఇక్కడే రాస్తాను.