ఇంటి రిపేర్లకు మిగ్ మెషినా, రాడ్ మెషినా? ఒక్కటే కొనాలి

పరకాల పోరగాడు:
మాది పరకాల పక్కన పల్లె. ఇంటి గేటు, రేకుల షెడ్డు, ట్రాక్టర్ డబ్బా (ట్రాలీ), కేజ్ వీల్స్ (బురద పొలంలో వాడే ఇనుప చక్రాలు)... ఏడాదంతా ఏదో ఒకటి ఊడుతూనే ఉంటుంది. కరిగట్టు (నాట్లకు ముందు బురద దున్నే) టైముకు వెల్డింగ్ షాపు ముందు సగం ఊరు లైన్ కడుతుంది. అందుకే సొంత మెషిన్ కొందామని. వీడియోల్లో అందరూ మిగ్ (టార్చ్ అనే పిడిలోంచి సన్న వైరు వచ్చి కరిగేది) అంటున్నారు. మా మామేమో "మిగ్ షోకు పని, రాడ్ మెషిన్ చాలు" అంటున్నాడు, అంటే కడ్డీ కరిగించి అతికేది. ఇంట్లో సింగిల్ ఫేజ్. నేను వెల్డింగ్ ఎప్పుడూ చేయలేదు. రెండు కొనే స్థోమత లేదు. ఏది తీసుకోవాలి?

కరీంనగర్ గ్రిల్స్:
తమ్మీ, కళ్లు మూసుకుని మిగ్ తీసుకో. గేట్లు, డోర్లు ఇప్పుడు ఎక్కువగా 16 గేజ్, 18 గేజ్ పైపులే. అంటే మిల్లీమీటరున్నర, ఇంకా తక్కువ మందం. కొత్తోడు రాడ్ పట్టుకుంటే ముందు అది అతుక్కుపోతుంది, అతుక్కోకుండా వెలిగిందంటే పైపుకు బెజ్జం పడుతుంది. రాడ్ కరుగుతున్నకొద్దీ చెయ్యి కిందికి దింపుతూ పోవాలి, ఆ లెక్క చేతికి రావడానికి నెలలు పడుతుంది. మిగ్‌లో వైరు దానంతట అదే వస్తుంది. 0.8 వైరు వేసి, వోల్టేజీ, వైర్ స్పీడు కుదుర్చుకుంటే రెండు ఆదివారాల్లో నేర్చుకోవచ్చు. పైన స్లాగ్ (అతుకు మీద పేరుకునే పెంకు) కొట్టే పని ఉండదు.

కాజీపేట ఫిట్టర్ (రిటైర్డ్):
బాబూ, నేర్చుకోవడం సులువన్న మాట నిజమే. మోసం కూడా అక్కడే ఉంది. రాడ్ వెల్డింగ్ చెడితే చాలావరకు మొహం మీదే కనిపిస్తుంది. తక్కువ కరెంటు మీద మిగ్ కొడితే బీడ్ (అతుకు గీత) అందంగా వస్తుంది, కింద ఇనుము మాత్రం కరగదు. పైన అంటుకుని కూర్చుంటుంది, అంతే. సన్న రేకుకు ఆ భయం తక్కువ. ఐదారు మిల్లీమీటర్ల యాంగిల్ మీద, అదీ కేజ్ వీల్ మీద అలా కొట్టి పొలంలో దింపితే ఏమవుతుందో నువ్వే చెప్పు. నమ్మకం లేకపోతే రెండు ముక్కలు టీ ఆకారంలో ఒక పక్కనే అతికి, వైస్‌లో బిగించి, సుత్తితో అతుకు వైపుకు మడవండి. పట్టని అతుకు ఒలిచినట్టు ఊడి వస్తుంది.

కరీంనగర్ గ్రిల్స్:
కాకా, అది మెషిన్ తప్పు కాదు, సెట్టింగ్ తప్పు. అంచులు గ్రైండర్‌తో వాలుగా కోసి, కరెంటు పెంచి కొడితే మిగ్ కూడా లోపలికి పోతుంది. పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు దాంతోనే నడుస్తున్నాయి కదా.

కాజీపేట ఫిట్టర్ (రిటైర్డ్):
ఫ్యాక్టరీలో కొత్త ఇనుము, తుడిచిన ఇనుము. ఈ బాబు ఇంట్లో తుప్పు, పెయింటు, బురద. 6013 అనే రకం రాడ్ కొంచెం తుప్పునైనా ఓర్చుకుంటుంది. సాదా మిగ్ వైరు ఓర్చుకోదు, బుడగలు వస్తాయి. అది వాడాలంటే మెరిసేదాకా గ్రైండ్ చేయాల్సిందే. రిపేరంటే సగం టైము అక్కడే పోతుంది.

జమ్మికుంట పత్తి రైతు:
ఇద్దరూ గ్యాస్ సంగతి ఎత్తడం లేదు. మిగ్ అంటే అతుకును గాలి నుంచి కాపాడే గ్యాస్ సిలిండర్, రెగ్యులేటర్, పైపు. సీవోటూ అయిపోయిన ప్రతిసారీ సిలిండర్ మోసుకుని టౌనుకు పోవాలి. పైగా ఆరుబయట గాలి కాస్త వీచినా గ్యాస్ చెదిరిపోతుంది, బీడ్ అంతా చిల్లులే. నా దగ్గర ఉన్నది గ్యాస్‌లెస్. ఫ్లక్స్ వైరు లోపలే మందు ఉంటుంది, పొగ ఎక్కువ, చిటపటలు ఎక్కువ, స్లాగ్ కూడా కొట్టాలి. అయినా పొలం గట్టున పని అవుతుంది. ఒక్క మాట: గ్యాస్‌లెస్ వైరు వేసినప్పుడు టార్చ్ మైనస్‌కు, ఎర్త్ ప్లస్‌కు పెట్టాలి. గ్యాస్‌తో సాదా వైరుకు దీనికి ఉల్టా. ఇది మార్చకుండా "మెషిన్ బేకార్" అని తిట్టేవాళ్లను మస్తు మందిని చూశాను.

పరకాల పోరగాడు:
అయితే గ్యాస్‌లెస్ తీసుకుంటే గొడవ వదిలినట్టేనా? ఇంకో డౌటు. ఇంట్లో కరెంటు సరిపోకపోతే బావి దగ్గర మోటర్ స్టార్టర్ నుంచి లైన్ తీసుకోవచ్చా?

హన్మకొండ ఎలక్ట్రీషియన్:
ఆ పని అసలు చేయకు. పొలానికి ఉచితంగా ఇచ్చే కరెంటు మోటర్‌కే, వెల్డింగ్‌కు వాడితే కేసు అవుతుంది. త్రీఫేజ్ లైన్ల మీద చెయ్యి వేసి ప్రాణం మీదికి తెచ్చుకోవడం వేరే.

ఇంటి సంగతికి వద్దాం. 100 ఆంప్స్ దగ్గర రాడ్ ఆర్క్‌కు (ఇనుమును కరిగించే మెరుపుకు) సుమారు 24 వోల్టులు కావాలి, మిగ్‌కు 19 దాకా చాలు. అంటే ఆర్క్ దగ్గరే 2400 వాట్లు ఒకటి, 1900 వాట్లు ఒకటి. మెషిన్‌లో పోయేది కలిపితే ఇంకా ఎక్కువ. కాబట్టి లోడు విషయంలో మిగ్‌కే మార్కు. ఏది కొన్నా సన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నడపకు. 16 ఆంప్స్ సాకెట్, విడిగా ఎంసీబీ, వైరు 4 చదరపు మిల్లీమీటర్లది, ఎర్తింగ్ సరిగా ఉండాలి. నాట్ల టైములో మోటర్లన్నీ నడిచి వోల్టేజీ పడిపోయే ఊరైతే, ఎంత తక్కువ వోల్టేజీ దాకా పనిచేస్తుందో షాపులో అడుగు. మెషిన్ డబ్బా మీద "200" ఆంప్స్ అని పెద్దగా రాసి ఉంటే మోసపోకు, డ్యూటీ సైకిల్ చూడు. 60 శాతం అంటే 10 నిమిషాల్లో 6 నిమిషాలే కాల్చాలి. ఆ లెక్క కూడా 40 డిగ్రీల వేడికి కట్టింది. మన మే నెల ఎండ సంగతి తెలిసిందే.

కరీంనగర్ గ్రిల్స్:
ఇప్పుడు ఒకే డబ్బాలో మిగ్, రాడ్ రెండూ వచ్చేవి ఉన్నాయి. కాక గొడవా తీరుతుంది, నా గొడవా తీరుతుంది.

జమ్మికుంట పత్తి రైతు:
తీరుతుంది కానీ ధర చూశావా అన్నా? తీసుకునేవాళ్లు మూడు చూసుకోండి. ప్లస్ మైనస్ నిజంగా మార్చుకునే వీలుందా, 5 కిలోల వైరు చుట్ట పడుతుందా లేక కిలోదేనా, టార్చ్ టిప్పులు మీ టౌనులో దొరుకుతాయా. టిప్పు కరిగిపోతే మెషిన్ మూల కూర్చుంటుంది.

పరకాల పోరగాడు:
బడ్జెట్ అంత లేదన్నా. పోయిన ఏడాది షాపుకు తీసుకుపోయినవి గుర్తు చేసుకున్నా. కేజ్ వీల్ చాలాసార్లు, డబ్బా కొండీ, కల్టివేటర్ ఫ్రేమ్. గేటు ఒకసారి. రేకు పని అసలు లేదు.

కాజీపేట ఫిట్టర్ (రిటైర్డ్):
అయితే అన్నీ మందం సామానే. రాడ్ ఇన్వర్టర్ (చిన్న ఎలక్ట్రానిక్ రాడ్ మెషిన్) తీసుకో. మిగిలిన డబ్బుతో ఆటో డార్క్ హెల్మెట్ (మెరుపు రాగానే అద్దం నల్లబడేది), తోలు గ్లౌజులు, నాలుగించుల గ్రైండర్ కొను. ఎండ అద్దాలు పెట్టుకుని కొడితే ఆ రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టుంటుంది. జీఐ పైపు అయితే పైన జింకు గ్రైండ్ చేసి, గాలి వచ్చే చోటే కొట్టు, ఆ తెల్లపొగ పీలిస్తే చలిజ్వరం పట్టుకుంటుంది. ట్రాక్టర్ మీద కొట్టేటప్పుడు బ్యాటరీ వైర్లు విప్పు, ఎర్త్ క్లాంపు అతికే చోటుకు దగ్గరగా పెట్టు. డబ్బా కొండీ మాత్రం నేర్చుకునేదాకా షాపులోనే చేయించు. రోడ్డు మీద ఊడితే వెనకాల వచ్చేవాడి ప్రాణం.

కరీంనగర్ గ్రిల్స్:
గేటు మీద బెజ్జాలు పడ్డప్పుడు ఫోటో పెట్టు తమ్మీ, అప్పుడు మాట్లాడుకుందాం 😄

పరకాల పోరగాడు:
పెడతా అన్నా. కాకా, మొదట ఏ రాడ్ కొనాలి?

కాజీపేట ఫిట్టర్ (రిటైర్డ్):
6013, 2.5 మిల్లీమీటర్లది ఒక ప్యాకెట్. 70, 80 ఆంప్స్ మధ్య మొదలుపెట్టు. యాంగిల్ మీద చెయ్యి కుదిరాక 3.15 తెచ్చుకో. ప్యాకెట్ విప్పాక వానకాలంలో బయట పెట్టకు, చెమ్మ పడుతుంది.