పాత ఇండికా వేడి మీద స్టార్ట్ కావడం లేదు: నాజిల్సా, పంపా?

కర్నూలు_ఇండికా
మాది 2004 మోడల్ ఇండికా డీజిల్, టర్బో లేని 1405 సీసీ బండి. పొద్దున సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది. నంద్యాల నుంచి వస్తూ పాణ్యంలో టీకి ఆపితే మాత్రం మళ్లీ స్టార్ట్ కాదు. సెల్ఫ్ బాగానే తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు. గంట ఆగితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. దీనికి తోడు యాక్సిలరేటర్ తొక్కితే నల్ల పొగ. ఒక మెకానిక్ నాలుగు నాజిల్సూ (సిలిండర్లలోకి డీజిల్ చల్లే మొనలు) మార్చమన్నాడు. ఇంకొకాయన నాజిల్స్‌కు డీజిల్ పంపే పంపు స్క్రూ కొంచెం తిప్పితే చాలన్నాడు. అమ్మను వారానికి రెండుసార్లు ఈ బండిలోనే ఆసుపత్రికి తీసుకెళ్తాను, దారిలో ఆగిపోతుందేమోనని టెన్షన్. ఎవరికైనా ఇలా అయిందా?

అనంతపురం_క్వాలిస్
అన్నా, ఇవి రెండు వేర్వేరు జబ్బులు అనుకుంటా. పొగ నాజిల్ వల్ల కావచ్చు. వేడి మీద స్టార్ట్ కాకపోవడం మాత్రం ఎక్కువగా పంపు అరుగుదల. మా క్వాలిస్‌కు ఎండాకాలంలో ఇదే జరిగింది. డీజిల్ వేడెక్కితే పలచబడుతుంది. రోటరీ పంపులో హెడ్, దాని లోపల తిరిగే రోటర్ అరిగి ఉంటే ఆ సందులోంచి జారిపోతుంది. ఇంజన్ నడిచేటప్పుడు వేగం ఉంటుంది కాబట్టి తెలియదు. సెల్ఫ్ తిప్పే వేగానికి మాత్రం నాజిల్ తెరుచుకునేంత ప్రెషర్ రాదు. మన అనంతపురం, కర్నూలు ఎండల్లో ఈ జబ్బు ముందే బయటపడుతుంది.

ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఈసారి మొరాయించినప్పుడు తడిగుడ్డ పంపు మీద కప్పి పది నిమిషాలు ఉంచండి. అప్పుడు స్టార్ట్ అయితే పంపే. ఇంజన్ నడుస్తుండగా మాత్రం చేయొద్దు, చెంబుతో నీళ్లు అసలు పోయొద్దు. పైభాగం ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుంటే లోపల రోటర్ పట్టేస్తుంది.

కడప_సుమో
స్క్రూ తిప్పమన్న మాట మాత్రం దయచేసి వినొద్దు. నేను విని నష్టపోయాను. గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు పికప్ లేదని పంపు సీలు తెంచి ఫుల్ లోడ్ స్క్రూ (డీజిల్ పరిమాణం పెంచేది) తిప్పించాను. రెండు వారాలు బండి పరుగే పరుగు. తర్వాత ఘాట్ సగంలోనే టెంపరేచర్ ముల్లు పైకి పోవడం మొదలైంది. చివరికి మిస్సింగ్, అంటే ఒక సిలిండర్ సరిగా పని చేయలేదు. ఇంజన్ హెడ్ విప్పితే మూడో పిస్టన్ తల కాలి గుంటపడి ఉంది. అసలు లోపం ఆ సిలిండర్ నాజిల్‌ది, డీజిల్ చల్లకుండా కారుస్తోంది. కారే నాజిల్‌కు ఇంకా ఎక్కువ డీజిల్ ఇచ్చాం. ఇంజన్ పని మొత్తం నెత్తిన పడింది.

డీజిల్_పంపు_పని
పద్దెనిమిదేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. క్వాలిస్ అన్న చెప్పింది సరైనదే, కానీ పంపు విప్పే ముందు బ్యాటరీ, సెల్ఫ్ కూడా చూపించండి. వేడి మీద సెల్ఫ్ నెమ్మదిగా తిరిగినా ఇదే లక్షణం.

నాజిల్ సంగతి. ఏ సిలిండర్‌ది పోయిందో తెలియాలంటే ఐడిలింగ్‌లో ఒక్కో ఇంజెక్టర్ (నాజిల్ బిగించి ఉండే భాగం) పైపు నట్టు కాస్త వదులు చేయాలి. వదులు చేయగానే ఇంజన్ కుంటితే ఆ సిలిండర్ పని చేస్తున్నట్టు. ఏ తేడా రాకపోతే అదే దొంగ. తర్వాత ఇంజెక్టర్ విప్పి టెస్టర్ మీద పెట్టాలి. ఎంత ప్రెషర్‌కు తెరుచుకుంటోంది, పొగలా చల్లుతోందా, తెరుచుకోకముందే మొనకు చుక్క కడుతోందా, ఈ మూడూ చూడాలి. ప్రెషర్ తగ్గితే లోపల షిమ్ (పలుచని వాషర్) మార్చి సరిచేస్తాం. 0.1 మిల్లీమీటర్ షిమ్‌కు సుమారు 10 బార్ తేడా వస్తుంది. నాలుగూ ఒకే ప్రెషర్‌లో ఉంటేనే ఇంజన్ నున్నగా నడుస్తుంది.

టెస్టర్ దగ్గర చల్లే డీజిల్‌కు చెయ్యి అడ్డం పెట్టొద్దు. చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలాగే కనిపిస్తుంది, లోపల కండ కుళ్లిపోతుంది. అలా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. మా దగ్గర కొత్తగా చేరే పిల్లలకు మొదటి రోజే చెప్పే మాట ఇది.

ఇంజెక్టర్ విప్పినప్పుడల్లా కింది వాషర్లు కొత్తవి వేయించండి. పాతవి వేస్తే గ్యాస్ లీకై ఇంజెక్టర్ చుట్టూ నల్లటి మసి గట్టిపడి, తర్వాత అది బయటికి రాదు.

కర్నూలు_ఇండికా
ఇవాళ ఓర్వకల్లు దాటాక ఆపి చూశాను. పది నిమిషాలు సెల్ఫ్‌కు అందుకోలేదు. తడిగుడ్డ కప్పి కాసేపు ఆగాక రెండో సెల్ఫ్‌కు స్టార్ట్. పంపు మీదే అనుమానం తేలింది. నాజిల్స్ కూడా టెస్ట్ చేయించాను, రెండోది కారుతోంది, మిగతా మూడు బాగున్నాయి. పంపు విప్పేటప్పుడు నేను దగ్గరుండి ఏం చూడాలి?

డీజిల్_పంపు_పని
విప్పకముందే పంపు అంచుకు, ఇంజన్ ప్లేటుకు కలిసేలా గీత పెట్టించండి. ఇండికాలో పంపును టైమింగ్ బెల్టే తిప్పుతుంది కాబట్టి బెల్టు మార్కులూ చూపించుకోండి. బెల్టు పాతదైతే ఇప్పుడే మార్చడం మేలు. పంపును బెంచి మీద కాలిబ్రేట్ చేసి, డీజిల్ పరిమాణం అక్కడే సెట్ చేసి సీలు వేయాలి. రోడ్డు మీద చెవితో విని స్క్రూ తిప్పేవాళ్లకు ఇవ్వొద్దు. బిగించాక డయల్ గేజ్ పెట్టి టైమింగ్ (డీజిల్ ఎప్పుడు చల్లాలన్న లెక్క) చూడమనండి. టైమింగ్ ముందుకుంటే నాకింగ్, వెనక్కుంటే తెల్ల పొగ, పికప్ లేకపోవడం.

అనంతపురం_క్వాలిస్
నాదొక మాట. పంపు తిరిగి బిగించాక ఎయిర్ పూర్తిగా తీయించండి. నేను తొందరపడి సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీ దించేశాను. ఫిల్టర్ దగ్గర హ్యాండ్ పంపుతో బుడగలు పోయేదాకా కొట్టి, తర్వాత ఇంజెక్టర్ నట్లు వదులు చేసి సెల్ఫ్ కొడితే డీజిల్ వస్తుంది, అప్పుడు బిగించాలి. ఫిల్టర్ నుంచి పంపుకు వచ్చే చోట తాత్కాలికంగా పారదర్శక పైపు వేస్తే ఎయిర్ ఎక్కడ లాగుతోందో కంటికే కనిపిస్తుంది.

కర్నూలు_ఇండికా
నిన్న పంపు, రెండో నాజిల్ బిగించారు. పొల్యూషన్ టెస్ట్‌లో పొగ 65 హెచ్‌ఎస్‌యూ (పొగ చిక్కదనం కొలిచే యూనిట్) పరిమితి లోపే వచ్చింది. మధ్యాహ్నం రెండున్నరకు ఎండలో పాణ్యం దగ్గర ఆపి, టీ తాగి వచ్చి సెల్ఫ్ కొట్టాను, మొదటిసారికే అందుకుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మాత్రం ఒక నిమిషం టకటకమని కొడుతోంది. టైమింగ్ మళ్లీ చూపించాలా?

డీజిల్_పంపు_పని
ఆ నిమిషం తర్వాత పోతుంటే ముందు హీటర్ ప్లగ్గులు (చల్లటి ఇంజన్ స్టార్ట్ కావడానికి లోపల వేడి చేసేవి) ఒక్కొక్కటి చూపించండి. వేడెక్కాక కూడా కొడితేనే టైమింగ్. గేజ్ రీడింగ్ రాయించుకున్నారా? ఉంటే ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.