రాత్రి డైరీ రాశాక మనసు తేలికపడకుండా టెన్షన్ పెరుగుతోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. కొంతకాలంగా పడుకునే ముందు కాసేపు డైరీ రాస్తున్నాను. మంచి జరిగిన రోజు రాయడం హాయిగానే ఉంటుంది. చిక్కంతా మనసు బాగోలేని రోజుతోనే. "మీటింగ్‌లో నా మాట మధ్యలోనే ఆపేశారు" అని ఒక్క వాక్యం రాస్తే చాలు, నేనేం అనాల్సింది, వాళ్లేం అనుకున్నారు అంటూ పేజీ నిండిపోతుంది. లైటు ఆపేశాక కూడా బుర్రలో అదే తిరుగుతుంటుంది.

2018లో బేలర్ యూనివర్సిటీ పరిశోధకులు ప్రచురించిన ఒక ప్రయోగం గురించి చదివాను. పడుకునే ముందు 5 నిమిషాలు రాబోయే రోజుల్లో చేయాల్సిన పనులు రాసుకున్నవాళ్లకి, అయిపోయిన పనులు రాసినవాళ్లకన్నా సగటున 9 నిమిషాలు త్వరగా నిద్ర పట్టిందట. కానీ పనుల జాబితా ఒక్కటే రాస్తే అది డైరీ అనిపించదు నాకు. రోజు ఎలా గడిచిందో రాసుకోవడం నాకు చాలా ముఖ్యం, అది వదులుకోలేను.

ఈ అలవాటు ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి. బాధపెట్టిన విషయాన్ని ఎంతవరకు రాసి ఆపుతారు? జరిగినదంతా సాయంత్రమే రాసేసి, పడుకునే ముందు రేపటి పనులు మాత్రమే రాసుకుంటే నయమా? అలా చేసినవాళ్లెవరైనా ఉన్నారా?