పానగల్ ఉదయ సముద్రం: ఇది ఏ ఉల్లంకి (శాండ్‌పైపర్)? ఫొటోలు షార్ప్‌గా ఎందుకు రావట్లేదు?

కట్టమీది కెమెరా:
అందరికీ నమస్తే. నల్లగొండ పక్కన ఉదయ సముద్రంలో నీళ్లు వెనక్కి పోయి బురద తేలిన చోట తీసిన నాలుగు ఫొటోలు ఇవి. జనవరి రెండో వారం, పొద్దున తొమ్మిదిన్నర. పిట్ట గోరింక కంటే కొంచెం చిన్నది. పైన గోధుమ రంగు, పొట్ట తెలుపు, కాళ్లు నల్లగా కనిపిస్తున్నాయి. పిట్టలను గుర్తుపట్టే మెర్లిన్ యాప్ ఒక ఫొటోకు గ్రీన్ శాండ్‌పైపర్ అంది, ఇంకోదానికి వుడ్ శాండ్‌పైపర్ అంది. లెన్స్ 150-600 ఎంఎం, క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) బాడీ, ట్రైపాడ్ మీద. అపర్చర్ ఎఫ్/6.3, షటర్ స్పీడు 1/2000. దూరం దాదాపు 50 మీటర్లు. ఇంత స్పీడు పెట్టినా ఈకలు విడివిడిగా కనిపించట్లేదు. లెన్స్ సర్వీసుకు ఇవ్వాలా?

మత్తడి వాగు:
లెన్స్‌కు ఏమీ కాలేదు సార్. మీ రెండో, మూడో ఫొటోలు ఒకే బరస్ట్‌లోవి (వరసగా టకటకా తీసినవి) కదా, వాటిని పక్కపక్కన పెట్టి ముక్కు చూడండి. ఒకదాంట్లో కొస కిందికి వంగింది, ఇంకోదాంట్లో తిన్నగా ఉంది. పిట్ట ముక్కు అరక్షణంలో ఆకారం మారదు. ఫోకస్ తప్పితే పిట్టకు ముందో వెనకో ఉన్న బురద షార్ప్‌గా ఉండేది. ఇక్కడ ఫ్రేములో ఏదీ షార్ప్‌గా లేదు. అంటే ఇది ఎండ వేడి. తడి బురద, రాళ్లు, నీళ్లు ఒక్కోటి ఒక్కోలా వేడెక్కుతాయి. వాటి మీది గాలిలో వేడి పొర, చల్ల పొర కలగలిసి వెలుగును వంచేస్తాయి. దీన్ని షటర్ స్పీడు ఆపలేదు, ఖరీదైన లెన్స్ కూడా ఆపలేదు. 600 ఎంఎం దగ్గర ఇంకా ఎక్కువ కనిపిస్తుంది.

మందు ఒక్కటే, దూరం తగ్గించడం, ఎండ ముదరకముందే పని ముగించడం. తెల్లారిన మొదటి గంటన్నరలో నేలకు ఆనుకుని పడుకుని తీయండి, పిట్ట కంటి ఎత్తులో చాలా బాగా వస్తుంది. ఎండెక్కాక మాత్రం అదే పద్ధతి దెబ్బ తీస్తుంది, ఎందుకంటే వేడి పొర నేలకు దగ్గరే చిక్కగా ఉంటుంది. అప్పుడు లేచి కట్ట మీదికి వెళ్లండి. కారులోంచి తీసేవాళ్లు ఏసీ ఆపి, అద్దాలు దింపి పది నిమిషాలు ఆగాలి. లోపలి చల్లగాలి, బయటి వేడిగాలి కిటికీ దగ్గరే కలుస్తాయి.

ఇంకోటి. నీటి తళుకు ముందు ముదురు రంగు పిట్ట ఉంటే కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ మొత్తం ఫ్రేమును చీకటి చేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (వెలుగు పెంచే, తగ్గించే సెట్టింగ్) +0.7 పెట్టండి. తెల్ల కొంగకైతే తిప్పి -0.7, లేకపోతే ఈకలు తెల్లగా మాడిపోతాయి.

యాసంగి మడి:
పిట్ట సంగతి నేను చెప్తా. కాళ్ల రంగును నమ్మకండి అన్నా. నాలుగో ఫొటో పెద్దది చేసి చూడండి. మోకాలు దాకా నల్లరేగడి బురద ఎండి పట్టుకుంది, దానిపైన పొట్టకు ఆనుకుని వేలెడు మేర పసుపుపచ్చ కనిపిస్తుంది. అసలు రంగు అదే.

ఇప్పుడు కన్ను చూడండి. వుడ్‌కు తెల్లటి కనుబొమ్మ గీత ముక్కు మొదలు నుంచి కన్ను దాటి వెనక్కి సాగుతుంది. గ్రీన్‌కు ఆ గీత కంటి దగ్గరే ఆగిపోతుంది, కన్ను చుట్టూ తెల్ల వలయం కొట్టొచ్చినట్టు ఉంటుంది. మీ మొదటి ఫొటోలో గీత కన్ను దాటింది. వీపు మీద కూడా పెద్ద పెద్ద లేత చుక్కలు గళ్లలా ఉన్నాయి. గ్రీన్ వీపు దూరానికి దాదాపు నల్లగా, చుక్కలు సన్నగా కనిపిస్తాయి. దాని ఛాతీ నలుపు కూడా తెల్లపొట్ట దగ్గర గీత గీసినట్టు ఆగుతుంది. మీ పిట్టకు అలా లేదు. ఇది వుడ్ శాండ్‌పైపరే.

వీటిలో కలిసిపోయే మూడోది కామన్ శాండ్‌పైపర్. రెక్క వంపు ముందు తెలుపు భుజం మీదికి ఎగబాకి ఉంటే అదే. వెనుక భాగం ఆపకుండా ఊపుతూనే ఉంటుంది.

కరిగెట చేసిన మడుల్లో, నాట్లకు ముందు, వుడ్ గుంపులుగా దిగుతుంది. గ్రీన్ ఎక్కువగా ఒంటరిది, తూము కింది కాలువల్లో, చిన్న గుంటల్లో దొరుకుతుంది. కానీ చోటును బట్టి పేరు ఖాయం చేయొద్దు.

శిఖం నేల:
పై ఇద్దరూ చెప్పింది సరే. నేను చేర్చేది ఎగిరేటప్పటి ఫ్రేము గురించి. చాలామంది పిట్ట వెనక్కి తిరిగి ఎగిరిపోతే కెమెరా దింపేస్తారు. ఉల్లంకుల్లో గుర్తుపట్టడానికి ఆ ఫ్రేమే ముఖ్యం. కామన్‌కు రెక్క మీద తెల్ల చార, నడుము గోధుమ రంగు. గ్రీన్, వుడ్ రెండింటికీ నడుము తెలుపే, చార ఉండదు. గ్రీన్ రెక్క అడుగు నల్లగా, వుడ్‌ది లేతగా ఉంటుంది. వుడ్ కాళ్లు తోక దాటి బాగా బయటికి కనిపిస్తాయి.

ఎగిరే ఫ్రేముకు షటర్ 1/2500, ఎఫ్/7.1, ఆటో ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందన) 6400 దాకా, కదిలే పిట్టను వెంటాడే కంటిన్యువస్ ఫోకస్, ఫోకస్ చోటు మధ్య జోన్. రా ఫైలు (రంగు తర్వాత సరిచేసుకోగల అసలు ఫైలు) తీయండి, పొద్దుటి ఎండకు ఆటో వైట్ బ్యాలెన్స్ (కెమెరా తానే రంగు సరిచేయడం) కాళ్ల రంగు మార్చేస్తుంది. పిట్టను కావాలని మాత్రం లేపొద్దు. చలికాలంలో మేత దానికి ప్రాణం. బర్రెలు వస్తాయి, పైన గద్ద తిరుగుతుంది, అదే లేస్తుంది. ఒడ్డు వెంట అది నడిచే దిక్కు చూసి, 30 మీటర్లు ముందు కూర్చోండి. మేత ఆపి మెడ నిక్కించిందంటే మీరు కదలడం ఆపాలి.

లేచేటప్పుడు అరుపు ఫోన్లో రికార్డు చేయండి. వుడ్‌ది పొడిగా "చిఫ్-చిఫ్-చిఫ్", గ్రీన్‌ది గట్టిగా, ఈల వేసినట్టు "ట్లుయిత్-విత్-విత్".

కట్టమీది కెమెరా:
కాలి పైభాగం పసుపు నిజంగానే ఉంది, ఇన్ని రోజులు చూడలేదు! కనుబొమ్మ గీత కూడా మూడు ఫొటోల్లో కన్ను దాటింది. పిట్టల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్‌లో వుడ్ అని పెడుతున్నా. నాలుగో ఫొటో మూలన ఉన్న చిన్న పిట్ట ఏంటి?

యాసంగి మడి:
లిటిల్ రింగ్డ్ ప్లవర్. కంటి చుట్టూ పసుపు వలయం, మెడ కింద పూర్తి పట్టీ. కెంటిష్ ప్లవర్‌కైతే పట్టీ ఛాతీ మధ్యలో తెగి ఉంటుంది, కాళ్లు నలుపు. ఎండాకాలం మళ్లీ వెళ్తే గులకరాళ్ల మీద నడవకండి. గూడు కట్టదు, రాళ్ల మధ్య చిన్న గుంటలోనే గుడ్లు పెడుతుంది. అవి అచ్చం గులకరాళ్లలాగే ఉంటాయి, కాలు పడేదాకా తెలియదు. పిట్ట రెక్క విరిగినట్టు నేల మీద ఈడ్చుకుంటూ పోతుంటే దగ్గర్లోనే గుడ్లో పిల్లలో ఉన్నాయని అర్థం. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రండి.